వంటసోడా పొట్లం: చిన్నపిల్లలున్న ఇంటికి దేనికి అక్కరకొస్తుంది, దేనికి రాదు

కిరాణా కొట్లో కార్న్‌ఫ్లోర్‌కూ కస్టర్డ్ పొడికీ మధ్య ఇరుక్కుని ఉండే వంటసోడా పొట్లానికి కూడా సమీక్ష అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. అవసరమే అని నా అభిప్రాయం, ఎందుకంటే చిన్నపిల్లలున్న ఇళ్లకు ఇంతగా సిఫారసు చేసే సరుకు మరొకటి కనిపించదు. చిరుతిళ్లకు ఇదే, సెలవుల్లో పిల్లల చేత బొమ్మలు చేయించడానికి ఇదే, మాడిన గిన్నె తోమడానికి ఇదే, ఫ్రిజ్‌లో వాసన పోగొట్టడానికి ఇదే, కూరగాయలు కడగడానికి కూడా ఇదే అని చెబుతుంటారు. కొన్ని కంపెనీలు ఈ ఉపయోగాల పట్టికను పొట్లం వెనుకే అచ్చువేస్తున్నాయి. వీటిలో కొన్ని అక్షరాలా నిజం, కొన్ని సగం నిజం, మిగిలినవి ఉత్తమాట. ఒక కంపెనీని పొగడటానికో తెగడటానికో కాక, ఏ కొట్లోనైనా దొరికే ఈ సరుకును పిల్లలున్న ఇంటి అవసరాలకు ఆనించి చూడటానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పిల్లలతో రంగుల ఆటలకు దీన్ని మించిన చవకైన సరుకు లేదు. రెండు మూడు రకాల చిరుతిళ్లకు ఇది నిజంగా కావలసిందే. వెండి సామాను విషయంలో దీని పనితనం అబ్బురపరుస్తుంది. ఇల్లు శుభ్రం చేసే విషయానికి వస్తే మాత్రం దీనికున్న పేరులో సగానికి సగం కోత పెట్టాలి. ఇక ప్యాకింగ్ గురించి చెప్పవలసింది చాలా ఉంది, అదేమీ మంచి మాట కాదు.

రసాయనశాస్త్రంలో సోడియం బైకార్బొనేట్ అని పిలిచే ఈ పొడికి ప్రధానంగా రెండు గుణాలున్నాయి. నీళ్లలో కలిపితే స్వల్పంగా క్షారం (పులుపుకు విరుగుడు గుణం) అవుతుంది, పులుపును, క్షారాన్ని కొలిచే పీహెచ్ దాదాపు 8.3 ఉంటుంది. పులుపు తగిలినా వేడి తగిలినా కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. పెరుగు, నిమ్మరసం, చింతపండు, వెనిగర్, బెల్లం వీటిలో ఏ ఒక్కటి కలిసినా పని మొదలైనట్టే. దీని పేరు మీద చెలామణీ అయ్యే ఏ చిట్కా విన్నా, అందులో క్షారగుణం పనిచేస్తోందా, వాయువు పనిచేస్తోందా, లేక ఊరికే మెత్తటి పొడిగా గిన్నెను రుద్దుతోందా అని అడిగితే చాలు. మూడింటిలో ఏదీ కాదని తేలితే ఆ చిట్కాను పక్కన పెట్టేయవచ్చు.

కొనేటప్పుడే మొదటి చిక్కు ఎదురవుతుంది. వంటసోడా అడిగితే బేకింగ్ పౌడర్ డబ్బా చేతికిచ్చే కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. బేకింగ్ పౌడర్‌లో వంటసోడాతో పాటు పొడి రూపంలో ఉన్న పులుపు పదార్థం, పిండిపదార్థం కలిసి ఉంటాయి కాబట్టి అదే కొలత వేస్తే పిండి సరిగా పొంగదు. బేకింగ్ పౌడర్ బదులు వంటసోడాను అదే కొలతలో వేస్తే సబ్బు నమిలినట్టు ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం బట్టల సోడాతో వస్తుంది. అది చూపుకు ఇలాగే తెల్లగా ఉంటుంది, చిన్న కొట్లలో విడిగా తూచి కాగితంలో కట్టి ఇస్తారు, దాని క్షారం చాలా ఎక్కువ. ఇక కాలువలు శుభ్రం చేయడానికి, సబ్బు కాయడానికి వాడే కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లను, గొంతును కాల్చేస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో దాని ఛాయ కూడా ఉండకూడదు. అందుచేత వంటసోడాను విడిగా కొనడం నేను ఒప్పుకోను. పొట్లం మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, సోడియం బైకార్బొనేట్ అనే పేరు లేదా ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే సంఖ్యల్లో దీనిదైన ఐఎన్ఎస్ 500(ii) అనే సంకేతం, గడువు తేదీ ఉన్నాయో లేదో చూసుకుని మరీ తీసుకోవాలి.

ప్యాకింగ్ దగ్గర నాకు గట్టి ఫిర్యాదే ఉంది. మాకు దగ్గర్లోని కొట్లో దొరికే రకం ఒక పలుచటి అట్టపెట్టెలో, లోపల మరింత పలుచటి ప్లాస్టిక్ సంచిలో వస్తుంది. ఒకసారి సంచి కత్తిరిస్తే మళ్లీ మూసే వీలు లేదు. వంటకు ఒకసారికి అర చెంచాకు మించి అక్కరలేని సరుకును, చెమ్మ తగిలితే గడ్డకట్టి పక్కనున్న ఇంగువ వాసన కూడా పీల్చుకునే సరుకును, మూతలేని సంచిలో అమ్మడం వెనుక ఏ ఆలోచన ఉందో అర్థం కాదు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మే రకాలు దీనికంటే నయం గానీ వాటి మూత విప్పగానే సన్నటి చెంచా కూడా దూరనంత ఇరుకు మూతి కనిపిస్తుంది. వాడే విధానం ఆవగింజంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులోనూ హిందీలోనూ మాత్రమే ఉంటుంది. తెలుగునాట ఇంత అమ్ముడుపోయే వస్తువు మీద ఒక్క ముక్క తెలుగు లేకపోవడం మన కొనుగోలుదారుల ఓర్పుకు నిదర్శనం.

చిరుతిళ్లలో దీని అసలు బలం చూడాలంటే మైసూరు బజ్జీ చేసి చూడాలి. కప్పు మైదాకు ముప్పావు కప్పు బాగా పులిసిన పెరుగు, పెద్ద చెంచాడు బియ్యప్పిండి, ఉప్పు, జీలకర్ర, సన్నగా తరిగిన అల్లం, కొబ్బరి ముక్కలు వేసి, చేత్తో గుండ్రంగా తిప్పుతూ జిగురు పట్టేదాకా కలిపి గంటో రెండు గంటలో నాననివ్వాలి. చాలామంది సోడాను మొదట్లోనే వేసేస్తారు. పెరుగులోని పులుపు తగిలిన మరుక్షణం నుంచి వాయువు పుట్టి పోతూనే ఉంటుంది కాబట్టి, నూనె కాగుతుండగా పావు చెంచా సోడా వేసి మరోసారి కలిపితే బజ్జీ గుల్లగా, గుండ్రంగా తేలుతుంది. మంట మధ్యస్థంగా ఉంచకపోతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా మిగులుతుంది, ఆ తప్పు సోడాది కాదు. ఇంకాస్త పొంగుతుందని సోడా పెంచితే పిండి నూనె తాగేస్తుంది, రంగు త్వరగా నల్లబడుతుంది, నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది. పెరుగు పులుపు తీర్చగలిగినంత సోడాయే వాయువుగా పనికొస్తుంది, మిగిలినది వేడికి మరింత ఘాటైన క్షారంగా మారి రుచి చెడగొడుతుంది. శనగపిండితో చేసే మిరపకాయ బజ్జీలో పులుపేమీ ఉండదు కాబట్టి అక్కడ సోడా చిటికెడు దాటితే ఈ లోపమే బయటపడుతుంది.

ఓవెన్ లేని ఇళ్లలో కుక్కర్‌లో చేసే అరటిపండు కేకు దీనికి బాగా నప్పిన రెండో వంటకం. మచ్చలు పడి ఎవరూ తినని అరటిపండ్లు మూడు మెదిపి, ముప్పావు కప్పు బెల్లం తురుము, అర కప్పు పులిసిన పెరుగు, అర కప్పు నూనె కలిపి, ఒకటిన్నర కప్పుల గోధుమపిండిలో అర చెంచా వంటసోడా వేసి జల్లించి అందులో కలపాలి. పిల్లల చేత జల్లెడ పట్టించవచ్చు, పండ్లు మెదిపించవచ్చు, ఇవి వాళ్లకు ఇష్టమైన పనులు. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతకున్న రబ్బరూ విజిలూ తీసేసి పది నిమిషాలు వేడి చేశాక గిన్నె పెట్టి సన్నటి సెగ మీద నలభై నిమిషాల దాకా ఉంచితే కేకు ఉడుకుతుంది. నీళ్లు లేని కుక్కర్‌కు రబ్బరూ విజిలూ ఉంచితే ప్రమాదమని పెద్దవాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. పెరుగు, బెల్లం, పండు మూడూ కలిసి సోడాకు కావలసిన పులుపును ఇస్తాయి కాబట్టి ఈ కేకులో సోడా రుచి తెలియదు. మైదా, పంచదారతో చేసే తెల్లటి కేకులో మాత్రం అంత పులుపు ఉండదు, అక్కడ బేకింగ్ పౌడరే సరైనది.

పల్లీ చిక్కీలో సోడా వేయడం చాలామందికి తెలియదు. బెల్లం పాకం చుక్కను నీళ్లలో వేసి గట్టిపడ్డాక కంచానికేసి కొడితే ఖంగుమనే దశలో పొయ్యి కట్టేసి, చిటికెడు సోడా వేసి కలిపితే పాకం ఒక్కసారిగా నురగెత్తి లేతరంగుకు తిరుగుతుంది. వెంటనే వేయించిన పల్లీలు వేసి పళ్లెంలో పరిస్తే పలుకు పళ్లకు అంటుకోకుండా పెళపెళ విరుగుతుంది. పాకం చాలా వేడిగా, పైగా పొంగుతూ ఉంటుంది కాబట్టి ఈ ఒక్క పనిలో పిల్లలను వంటింటి గడప అవతలే ఉంచాలి. నాలుగేళ్లలోపు వాళ్లకు పల్లీ పలుకులు గొంతులో అడ్డుపడే అవకాశం ఉంది కనుక చిక్కీ వాళ్లకు పెట్టకూడదు.

పప్పు ఉడకలేదని, శనగలు మెత్తబడలేదని చిటికెడు సోడా వేసే అలవాటు మన ఇళ్లలో పాతదే. బోరు నీటిలో కాల్షియం ఎక్కువగా ఉండే ఊళ్లలో పప్పు ఎంతకూ మెదగదు, అక్కడ సోడా పనిచేస్తుందనడంలో అబద్ధం లేదు. క్షారానికి గింజ పైపొర కరిగి త్వరగా మెత్తబడుతుంది. అదే క్షారానికి పప్పులోని థయమిన్ అనే బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది. పసిపిల్లలకు ఆధారమే పప్పన్నం అయినప్పుడు ఆ విటమిన్‌ను చేతులారా పోగొట్టుకోవడం తెలివైన పని కాదు, రాత్రే నానబెట్టి మంచినీళ్లతో వండుకోవడం మేలు. ఉప్పు సంగతి కూడా మరవకూడదు. ఒక గ్రాము వంటసోడాలో దాదాపు 274 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలకే రోజుకు రెండు గ్రాముల సోడియం లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పిల్లలకు ఇంకా తక్కువ ఉండాలి. పావు చెంచా సోడా వేసిన బజ్జీ పిండిలో మామూలు కంటే ఉప్పు కొంచెం తగ్గించాలని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన భాగానికి వస్తాను. కొత్త పెళ్లికూతురికో, బిడ్డనెత్తుకుని పుట్టింటి నుంచి వచ్చిన తల్లికో దిష్టి తీసే ఎర్రనీళ్లు మనందరికీ తెలుసు: పసుపు నీళ్లలో కాస్త సున్నం వేయగానే నీళ్లు ఎర్రబడతాయి. కాళ్లకు పెట్టే పారాణి కూడా అదే కలయిక. సున్నం పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు, కళ్లలో పడితే ప్రమాదం. ఆ స్థానంలో వంటసోడా చక్కగా కూర్చుంటుంది. చెంచా పసుపును కొద్ది నీళ్లలో మరిగించి, దళసరి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టాలి. చిన్న గిన్నెడు నీళ్లలో చెంచా సోడా కరిగించి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లను అందులో ముంచి ఆ పసుపు కాగితం మీద రాస్తే అక్షరాలు ఇటుక రంగులో తేలతాయి. సున్నంతో వచ్చినంత ముదురు ఎరుపు రాదు గానీ పిల్లలకు ఆ మార్పే పెద్ద ఇంద్రజాలం. రాసినదాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది, అంటే తప్పు రాసిన అక్షరాన్ని చెరిపే సౌకర్యం కూడా ఇందులోనే ఉంది. దీపావళికి, సంక్రాంతికి బంధువులకు ఇచ్చే కార్డులు ఇలా చేయించవచ్చు. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది కాబట్టి వాటిని కిటికీ దగ్గర తగిలించకూడదు. బట్టల మీద పడితే మరక వదలదు గనుక పాత చొక్కాలు తొడిగి కూర్చోబెట్టాలి.

పెరట్లోనో కుండీలోనో నీలి శంఖుపుష్పం ఉన్నవారికి ఈ ఆట ఇంకా విస్తరిస్తుంది. గుప్పెడు పూలను వేడినీళ్లలో వేస్తే నీలం రంగు దిగుతుంది. ఆ నీళ్లను మూడు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదానిలో నిమ్మరసం, మూడోదానిలో సోడా వేస్తే నీలం పక్కన ఊదా, ఆకుపచ్చ కలిసిన నీలం రంగులు కనిపిస్తాయి. ఎర్ర మందారం రేకుల రసం కూడా నిమ్మరసానికి ఎర్రగా, సోడాకు పచ్చగా మారుతుంది. ఆరేడేళ్ల పిల్లలకు పులుపు, క్షారం అనే మాటలు బడిలో వినకముందే కంటితో చూసే అవకాశం ఇది.

ఇంకా చిన్న పిల్లలకైతే స్టీలు పళ్లెంలో సోడా పొడితో ముగ్గు వేసి, మందుల సీసా ఫిల్లరుతో నిమ్మరసాన్ని చుక్కచుక్కగా వేయనివ్వాలి. ముగ్గు గీత పొడవునా నురగ బుసబుసలాడుతూ పోతుంది. సీసాలో వెనిగర్ పోసి, బుడగలో సోడా నింపి సీసా మూతికి తొడిగి ఎత్తిపట్టే ఆట అందరికీ తెలిసినదే, బుడగ దానంతట అదే ఉబ్బుతుంది. అగ్నిపర్వతం నమూనా గురించి వేరే రాయనక్కరలేదు, ప్రతి బడి ప్రదర్శనలోనూ అదొకటి ఉండనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. సోడా, వెనిగర్ కలిపిన సీసాకు బిరడా బిగించనివ్వకూడదు, లోపల వాయువు పెరిగి సీసా పగలవచ్చు.

బొమ్మల కోసం చేసే తెల్లటి ముద్ద సంగతి వేరు. రెండు కప్పుల సోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటింబావు కప్పు నీళ్లు కలిపి సన్నటి సెగ మీద గరిటెతో తిప్పుతూ ఉంటే కాసేపటికి మెదిపిన బంగాళాదుంపలా ముద్దకడుతుంది. దాన్ని తడిగుడ్డ కప్పి చల్లార్చి, మృదువుగా పిసికితే నున్నటి తెల్ల ముద్ద తయారవుతుంది. పలుచగా ఒత్తి మూతతో గుండ్రాలు కోసి, ఆకు అచ్చు వేసి, దారం తొడగడానికి రంధ్రం చేసి ఆరబెడితే తోరణానికి పనికొచ్చే బిళ్లలవుతాయి. బొమ్మల కొలువులో పెట్టే చిన్న ఏనుగులు, దీపపు కుందెలు, పండ్ల బుట్టలు కూడా వస్తాయి. ఆరాక వచ్చే తెల్లదనం, నునుపు నిజంగా బాగుంటాయి, నీటిరంగులు చక్కగా పడతాయి. దళసరిగా చేసినవి మాత్రం ఆరేలోపు బీటలు వారుతాయి.

బాగున్నా, ఈ పనికి వంటసోడాను నేను పూర్తిగా సిఫారసు చేయలేను. రెండు కప్పులంటే దాదాపు అర కిలో; వంద గ్రాముల డబ్బాలు కొని ఇంత ముద్ద చేస్తే కొట్లో దొరికే రంగుల బంకమట్టి పెట్టె ధర దాటిపోతుంది. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, సుమారు ఒక కప్పు నీళ్లతో కలిపే ముద్ద ఇంతకంటే చాలా చవక. దానికి ఆ తెల్లదనం రాదు, వానాకాలంలో చెమ్మగిల్లుతుంది, అంతే తేడా. ఏదైనా పండుగకు కొన్ని మంచి బిళ్లలు కావాలంటే సోడా ముద్ద, రోజూ ఆడుకోవడానికి ఉప్పు ముద్ద అని నేను తేల్చుకున్నాను. రెంటిలోనూ సోడియం విపరీతంగా ఉంటుంది గనుక చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఏదీ ఇవ్వకూడదు. వంటింటి సరుకులే కదా, తింటే ఏమవుతుందిలే అనుకోవడం ప్రమాదకరం. వినాయక చవితికి మాత్రం ఇవేవీ వద్దు, చెరువు మట్టికి సాటి రాదు.

శుభ్రం చేసే పనుల్లో వెండికి మొదటి స్థానం ఇస్తాను. నల్లబడిన పాప పట్టీలు, కుంకుమ భరిణె, ఉగ్గు గిన్నె వంటివి రుద్దకుండానే తెల్లబడతాయి. పింగాణీ గిన్నెలోపల అల్యూమినియం రేకు పరిచి, వస్తువులు ఆ రేకుకు తగిలేలా పెట్టి, రెండు పెద్ద చెంచాల సోడా చల్లి, మరిగే నీళ్లు పోయాలి. కోడిగుడ్డు కుళ్లినట్టు సన్నటి వాసన వస్తుంది, నలుపు చూస్తుండగానే తగ్గుతుంది. వెండి మీది నలుపు అంటే గంధకంతో కలిసిన వెండే. ఈ పద్ధతిలో ఆ గంధకం విడిపోయి వెండి అక్కడే మిగులుతుంది, తోమితే కొంత వెండి అరిగిపోతుంది. రాళ్లు పొదిగినవి, ముత్యాలు అతికించినవి, కావాలని నల్లటి మెరుగు పెట్టినవి ఇందులో వేయకూడదు. ఇత్తడి, రాగి సామానుకు మాత్రం సోడా అక్కరకు రాదు. వాటి మసకను వదిలించేది పులుపు గనుక చింతపండే దిక్కు.

మాడిన స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, చెంచాడు సోడా వేసి కాసేపు మరిగించి చల్లారనిస్తే మాడు పొరలుగా ఊడుతుంది. టీ మరకలు పట్టిన కప్పులను తడి సోడాతో రుద్దితే గీతలు పడకుండా శుభ్రపడతాయి, ఎందుకంటే ఈ పొడి గాజుకంటే, స్టీలుకంటే మెత్తన. అల్యూమినియం గిన్నెల్లో సోడా మరిగిస్తే అవి నల్లబడతాయి. ఫ్రిజ్‌లో చిన్న గిన్నెతో పెట్టే సోడా గురించి పొట్లాలు చెప్పేంత ఫలితం నాకు కనిపించలేదు. పుల్లటి వాసన కొంత తగ్గుతుందేమో గానీ తరిగిన ఉల్లిపాయ వాసనకు మూత పెట్టిన డబ్బాయే మందు. పిల్లలు పక్క తడిపినప్పుడు చల్లితే తేమ కొంత లాగుతుంది, పొడి ఆరాక దులపాలి, ఆపైన ఎండకు వేయక తప్పదు.

సింకు గొట్టంలో సోడా పోసి, దాని మీద వెనిగర్ పోస్తే పుట్టే నురగను చూసి మురికి కరిగిపోతోందనుకుంటారు. క్షారం, పులుపు ఒకదాన్నొకటి చంపుకోగా చివరికి మిగిలేది కొద్దిగా సోడియం అసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. దానికి శుభ్రం చేసే శక్తి దాదాపు లేదు. విడివిడిగా వాడితే పనిచేసే రెండు వస్తువులను కలిపి పాడుచేసుకోవడం ఇది. ఎన్ని చోట్ల ఈ చిట్కా కనిపించినా నమ్మవద్దని గట్టిగా చెబుతాను.

పండ్లు కడగడం గురించి మాత్రం కొంత ఆధారం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక శాతం సోడా నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచిన ఆపిల్ పండ్ల ఉపరితలం మీద రెండు రకాల పురుగుమందుల అవశేషాలు తొలగిపోయాయి. ఒక శాతం అంటే లీటరు నీళ్లకు రెండు చిన్న చెంచాలు. తొక్క లోపలికి ఇంకిన మందును మాత్రం ఇది తీయలేకపోయింది. ఆపిల్‌కూ ఆ రెండు మందులకూ పరిమితమైన ఆ ఫలితాన్ని కొత్తిమీరకూ వంకాయకూ కూడా వర్తింపజేసి, పొట్లం మీద అన్ని కూరగాయల బొమ్మలు వేయడం వ్యాపారం. తొక్కతో తినే పండ్లకు నేను దీన్ని వాడతాను, ఆకుకూరలకు ధారగా పారే మంచినీళ్లు చాలు.

పసిపిల్లల ఒంటికి సంబంధించి ఒక్క ముక్కలో చెప్పాలంటే సోడా వద్దు. చర్మం స్వభావరీత్యా స్వల్పంగా పులుపు వైపు ఉంటుంది, క్షారం దాన్ని పొడిబార్చి మంట పుట్టిస్తుంది. కడుపు ఉబ్బరమని పాలల్లో చిటికెడు కలపడం అంతకంటే ప్రమాదం, నెలల బిడ్డ మూత్రపిండాలు అంత సోడియాన్ని భరించలేవు. ఉబ్బరానికి డాక్టరును అడగాలి. వంటింట్లో మాత్రం పొయ్యికి కాస్త ఎడంగా చేతికందేచోట ఒక పొట్లం ఉంచుకోవడం మంచిది. బాణలిలో నూనె అంటుకుంటే మొదట గ్యాసు కట్టేసి మూత వేయాలి, మూత దొరకనప్పుడు గుప్పెళ్లతో సోడా చల్లితే మంట ఆరుతుంది. నీళ్లు గానీ, చూడటానికి ఇలాగే ఉండే మైదా గానీ చల్లకూడదు. మైదా మంటను పెంచుతుంది.

ఎంత పరిమాణం కొనాలన్నది ఇంటి తీరును బట్టి ఉంటుంది. వంటకు మాత్రమే అయితే మూత ఉన్న వంద గ్రాముల డబ్బా ఇంటికి నెలల తరబడి వస్తుంది. పిల్లల ఆటలకు, వెండికి, గిన్నెలకు కూడా వాడదలిస్తే అర కిలో సంచి వేరుగా కొని, దానిని వంటకు కలపకుండా మరో సీసాలో పోసి పేరు రాసి పెట్టుకోవాలి. మూత తీయగానే కొంత పొడిని చెంచాలో తీసుకుని రెండు చుక్కల నిమ్మరసం వేస్తే చురుగ్గా నురగ రావాలి. నీరసంగా రెండు బుడగలు వచ్చి ఆగిపోతే ఆ సోడా బజ్జీకి పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టి తీసినది కూడా అంతే, అది టీ కప్పులు తోముకోవడానికి సరిపోతుంది.